వాసన తెలుస్తోందా

సంచిలో అన్నిటికంటే అడుగున వదిన దిండు గలీబులు పరిచింది. తెల్లవి, లాండ్రీలో ఇస్త్రీ రోలరు కింద రెండుసార్లు నడిపించినవి. వాటి మీద తువ్వాళ్ళు. తువ్వాళ్ళ మీద ఆయనకని కొన్న ముందు బొత్తాల చొక్కాలు. గుండె ఆపరేషన్ అయినవాళ్ళు చేతులు పైకెత్తి బట్టలు తొడుక్కోలేరని ఎవరో చెప్పారు. ఒక్కొక్క చొక్కానీ ఒళ్ళో పెట్టుకుని, కాలరు కింద బొటనవేలితో నొక్కి, మూడు మడతలు వేసి, అరచేత్తో గాలంతా బయటికి తోసేసింది. మడత పెట్టిన చొక్కా పుస్తకమంత అయింది.

"ఆస్పత్రిలో గలీబులు ఉండవా వదినా?" అంది ఆడపడుచు. పైమంచం మీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకుని, బ్రెడ్డు ముక్క టీలో ముంచుకుంటోంది.

"ఉంటాయి. ఎవరు ఉతికారో తెలియొద్దూ?"

"మనం ఉతికిన దుప్పట్ల మీద ఎంతమంది పడుకోవడంలేదు! వాళ్ళకి మనం తెలుసా? గుర్రు పెట్టి మరీ పోతారు."

"మీ అన్నయ్యకి తెలుస్తుంది."

"ఆ, తెలుస్తుంది. మా అన్నయ్యకి చొక్కా తిరగేసి తొడుక్కున్న సంగతే సాయంత్రందాకా తెలియదు."

లాండ్రీలో అందరికీ ఆమె వదినే. ఆడపడుచు మొదటిరోజు నుంచీ మిషన్ల మోతకి పైన "వదినా" అని కేకేస్తుంటే, రోలరు దగ్గరి వాళ్ళూ, వ్యాన్ డ్రైవరూ, చివరికి సూపర్‌వైజరూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆడపడుచుకి మాత్రం వాళ్ళు పెట్టిన పేరు పిడుగు.

సొంతూరు విమానంలో సగం రోజు దూరం. అక్కడ ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు. పిల్లల్లేరు. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, పై వారం పోయాక వచ్చే సోమవారం. ఇంటిమనిషి ఒకరు పక్కన ఉంటేనే చేర్చుకుంటామని ఆస్పత్రివాళ్ళు కచ్చితంగా చెప్పారు. లోకమంతా పాకిన అంటుజబ్బు భయానికి చుట్టాలెవరూ ఆస్పత్రి గుమ్మం తొక్కేటట్టు లేరు. మనిషి రాకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది. మళ్ళీ ఎప్పుడంటే చెప్పలేరు. ఆయన గుండె అందాకా తట్టుకుంటుందో లేదో అసలే చెప్పలేరు.

మామూలు విమానాలు ఆగిపోయి చాలా కాలమైంది. అప్పుడప్పుడూ ఒక ప్రత్యేక విమానం వెళుతుంది. దానిలో సీట్లు పంచే ఆవిడ వదిన పేరు రాసుకుంది. రేపు మధ్యాహ్నం ప్రయాణం. దిగాక ఒక వారం విడిగా ఒక గదిలో ఉంచుతారు. అదయ్యాక ఆస్పత్రికి వెళితే సోమవారానికి ముందే అందుతుంది. జబ్బు లేదన్న పరీక్ష చేతికొచ్చింది. ఇంక కావలసింది ఆ జబ్బుకి కూడా వర్తించే ఇన్సూరెన్స్ ఒక్కటే. అది లేనివాళ్ళని ఊళ్ళోకి దిగనివ్వరు.

ఫోన్‌లో చాలాసేపు పాట వచ్చింది. పాట ఆగి మన భాష మాట్లాడే అమ్మాయి దొరికింది. వదిన ఫోన్‌ని సంచి మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టు కూర్చుంది.

"పాత జబ్బులేమైనా ఉన్నాయా అండీ? షుగరు, బీపీ, ఆయాసం?"

"ఏమీ లేవమ్మా. గుండ్రాయిలా ఉన్నాను."

"చిన్న ఇబ్బందైనా సరే చెప్పండి. తర్వాత బయటపడితే పాలసీ చెల్లదు."

వదిన ఆలోచించింది. అడిగిన పిల్ల గొంతు మెత్తగా ఉంది. ఏదీ లేదంటే ఆ పిల్లని ఉత్తచేతులతో పంపినట్టు అనిపించింది.

"చిన్నదంటే, నాకు ముక్కు పనిచెయ్యదమ్మా."

"అంటే?"

"వాసన తెలియదు. లాండ్రీలో చేసేవాళ్ళకి ఎవరికీ తెలియదులే. బ్లీచు నీళ్ళు. ఏడేళ్ళయింది." ఆ చివరి మాట కాస్త గర్వంగానే అంది.

అటునుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. "సరేనండీ, రాసుకున్నాను. పాలసీ ఫోన్‌కి వస్తుంది."

లాండ్రీలో దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు. చేతులు కాయలు కాచినట్టే అదీను. కొత్తగా చేరిన వాళ్ళు బ్లీచు తొట్టి దగ్గర ముక్కు మూసుకుని వాంతి చేసుకోబోతుంటే, పాతవాళ్ళు వీపు తట్టి, కొన్నాళ్ళు ఓర్చుకో, ముక్కు పోతుంది, తర్వాత హాయి అంటారు. ముక్కు పోయినవాళ్ళని మురికి దుప్పట్ల వైపు నుంచి తెల్లవాటి వైపు మారుస్తారు. అక్కడ పని తేలిక.

ఫోన్ పెట్టేశాక ఆడపడుచు పైనుంచి దిగింది. నుదురు కొట్టుకుంది.

"ఎవరడిగారు నిన్ను?"

"ఆ పిల్లే అడిగింది కదే."

"ముక్కూ మొహం తెలియని పిల్లకి నీ ముక్కు సంగతి ఎందుకు? ఇంకా నయం, నీ కాలి ఆనెలు, నా పిప్పిపన్ను కూడా చెప్పావు కావు."

"అబద్ధం చెప్తే చెల్లదంది."

"అడిగినవాళ్ళందరికీ నిజం చెప్పుకుంటూ పోతే మనం ఈ దేశం వచ్చుండేవాళ్ళమా?"

వదిన చొక్కాల మీద తన బట్టలు పెట్టి జిప్పు లాగింది.

ఆ మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళారు. ఇదివరకు హోటళ్ళ దుప్పట్లు వచ్చేవి, ఇప్పుడు ఆస్పత్రులవి వస్తున్నాయి. రోలరులోంచి దుప్పటి వేడివేడిగా బయటికి రాగానే వదిన రెండు మూలలు పట్టుకుంది, ఆడపడుచు రెండు మూలలు పట్టుకుంది. వెనక్కి నడిచి లాగారు. దుప్పటి చప్పున కొరడాలా మోగింది. నిలువుగా ఒక మడత. మళ్ళీ లాగి ఇంకో మడత. అప్పుడు ఆడపడుచు నడిచి వచ్చి తన మూలలు వదిన చేతిలో పెట్టి, కింద వేలాడే మడతని అందుకుంది. వదిన ఆ మూలలని చూడనక్కర్లేదు. చేతుల్లోకి వచ్చేస్తాయి. ఇంకొకరితో మడత పెడితే మూల మూలకి ఎప్పుడూ వేలెడు తేడా వస్తుంది.

"రేపట్నుంచి నన్ను ఎవరితో జత చేస్తాడో ఆ సూపర్‌వైజరు," అంది ఆడపడుచు నడిచి వస్తూ.

"రోలరు దగ్గరి పెద్దావిడతో."

"ఆవిడా? ఆవిడ దుప్పటి మడత పెడితే బజ్జీల పొట్లంలా ఉంటుంది."

టీ వేళకి వ్యాన్ డ్రైవరు వచ్చాడు. వయసులో పెద్దవాడు, ఇద్దరూ బాబాయి అంటారు. వాళ్ళ పాలు చెడ్డాయో లేదో రోజూ వాసన చూసి చెప్పేది ఆయనే. ముందు పాలగిన్నె మీద ముక్కు పెట్టి బాగున్నాయన్నాడు. తర్వాత వదిన ఫోన్ అందుకుని పాలసీ చదివాడు. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల దగ్గర ఆగాడు.

"వాసన తెలియకపోవడం పాతది కాబట్టి, ముక్కుకీ గొంతుకీ ఊపిరికీ సంబంధించిన జబ్బులకి వర్తించదట."

"మిగతావాటికి వర్తిస్తుందా?"

"వర్తిస్తుంది."

"కాలిగోరు ఊడితే ఇస్తారన్నమాట," అంది ఆడపడుచు. "అసలు ఆ జబ్బు వచ్చేదే ముక్కుకీ ఊపిరికీను."

వదిన మళ్ళీ ఫోన్ చేసింది. పాట వచ్చింది. టీ వేళ అయిపోయేదాకా పాటే వచ్చింది. బాబాయి ఆమె మొహం చూసి, "కాయితం ఉందా లేదా అనే చూస్తారమ్మా. అందులో ఏముందో ఎవడు చదువుతాడు? అంత తీరిక ఎవడికుంది?" అన్నాడు.

ఇదివరకు వెళ్ళినవాళ్ళు చెప్పారు, విమానాశ్రయంలో వాసన తెలుస్తోందా అని అడుగుతారట. తెలియదంటే జబ్బు కిందే లెక్క. అందుకని మర్నాడు పొద్దున్నే ఆడపడుచు వదినని మంచం అంచున కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది.

"వాసన తెలుస్తోందా?"

"తెలుస్తుంది."

"నేల చూస్తూ చెప్తే దొంగ అంటారు. నా మొహం చూడు. ఇదేంటి?"

"ఉల్లిపాయ."

"ఎలా తెలిసింది?"

"కనిపిస్తోంది కదే."

ఆడపడుచు ఉల్లిపాయ చేతిలో పట్టుకునే నవ్వింది. వదినకీ నవ్వొచ్చింది. ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి ఉల్లిపాయవేనని ఇద్దరూ అన్నారు.

విమానాశ్రయం దాదాపు ఖాళీగా ఉంది. దుకాణాలన్నిటికీ రేకు తలుపులు దించేశారు. నేల మీద పసుపుపచ్చ టేపు గీతలు అతికించి, ఒక్కొక్క గీత మీద ఒక్కొక్క మనిషిని నిలబెట్టారు. గీత మారినప్పుడల్లా వదిన సంచిని ఎత్తి ముందుకు పెట్టుకుంది. ముందు నిలబడ్డ ఆయన సంచిని కాలితో తోసుకుంటున్నాడు. అలా తోస్తే మడతలు చెడిపోతాయి.

ప్లాస్టిక్ కోటు తొడుక్కున్న అమ్మాయి నుదుటికి ఎదురుగా మిషను పట్టింది. దగ్గుందా? లేదు. జ్వరం? లేదు. వాసన తెలుస్తోందా?

వదిన ఆ అమ్మాయి మొహమే చూసింది. కనిపించేవి కళ్ళు మాత్రమే. "తెలుస్తోంది," అంది.

అమ్మాయి టిక్కు పెట్టి పక్క బల్లకి పంపింది. అక్కడ కళ్ళజోడాయన ఉన్నాడు. ఆయన తీరికగానే ఉన్నాడు. పరీక్ష కాయితం చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, ఫోన్‌లో పాలసీని వేలితో పైకి తోస్తూ తోస్తూ అడుగుదాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, అక్షరాలని రెండు వేళ్ళతో పెద్దవి చేశాడు.

"వాసన తెలియదని ఇక్కడ ఉంది. అక్కడ తెలుస్తుందన్నారు."

వదిన పరీక్ష కాయితాన్ని మళ్ళీ ఆయన వైపు జరిపింది. "అది పాతదండీ. బ్లీచు వల్ల పోయింది. జబ్బు కాదు. పరీక్షలో లేదని వచ్చింది కదండీ."

"పాతదే అంటారు."

"పాతదేనండీ."

"పాతదైతే ఈ ఇన్సూరెన్స్ ఆ జబ్బుకి చెల్లదమ్మా. మీవాళ్ళు మిమ్మల్ని అక్కడ దిగనివ్వరు. దిగనివ్వకపోతే మళ్ళీ మేమే వెనక్కి తీసుకురావాలి." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మాటలో కోపం లేదు. "కొత్తదైతే జబ్బు కిందే లెక్క, మిమ్మల్ని ఎక్కించనే కూడదు."

"మరి ఏది చెప్పమంటారు?"

ఆయన ఆ ప్రశ్నకి నిజంగానే ఆలోచించినట్టు కనిపించాడు. తర్వాత పాస్‌పోర్టులో ఫోన్ పెట్టి, రెండూ బల్ల మీంచి ఇటు జరిపాడు. వెనక గీత మీది మనిషిని రమ్మని చెయ్యి ఊపాడు.

బాబాయి బయట వ్యాన్‌లోనే ఉన్నాడు. విమానం లేచాకే కదులుతానని అన్నాడు కనక ఉన్నాడు. వదిన సంచితో తిరిగి రావడం అద్దంలో చూసి, దిగి, వెనక తలుపు తీశాడు. సగం దారి వచ్చాక, "చదివాడన్నమాట వెధవ," అన్నాడు.

గదికి చేరాక వదిన ఇంటికి, ఆయనకి ఫోన్ చేసింది. "ఎక్కావా?" అన్నాడు అటునుంచి. నాలుగు మాటలకోసారి ఊపిరి అందుకుంటున్నాడు.

"లేదండీ. ఆపేశారు."

"పోనీలే. డాక్టరుతో... తేదీ మార్చమని చెప్తాలే. నా గుండె నా మాట వినదు గాని... డాక్టరు వింటాడు."

"మీరు మాట్లాడకండి. ఆయాసం వస్తోంది."

"మాట్లాడకపోతే నువ్వు... పోయాననుకుంటావు."

"ఏం మాటలండీ అవి!" అని గట్టిగా కసిరింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ కసురే గదిలో ఉన్నట్టు అనిపించింది.

సీట్లు పంచే ఆవిడ మంచిది. ఎల్లుండి ఇంకో విమానం ఉందనీ, సోమవారానికి అదే ఆఖరు అవకాశమనీ, ఆ సీటు మీ ఇంట్లోవాళ్ళకే అట్టేపెడతాననీ చెప్పింది. అయితే ఇన్సూరెన్స్ సరిగ్గా ఉండాలి. వదిన మిగతా కంపెనీలకి ఫోన్లు చేసింది. ఒకరు, ఇదివరకు ఎవరైనా షరతులతో ఇచ్చారా అని అడిగారు. ఇచ్చారని చెప్పింది. లేదని చెప్పాలని ఈసారి ముందే అనుకుంది. నోరు తెరిచేసరికి ఇచ్చారనే వచ్చింది. అయితే మేమూ ఇవ్వలేమన్నారు. ఇంకొకరు, వాసన పోవడానికి కారణం పనే తప్ప జబ్బు కాదని డాక్టరు చీటీ తెస్తే చూస్తామన్నారు.

లాండ్రీ డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి స్టోరు గది పక్కన కూర్చుంటాడు. ఆయన వదిన ముక్కులో లైటు వేసి చూశాడు. పోయిన మాట నిజమే అన్నాడు.

"ఆ మాటే రాసివ్వండి బాబూ. బ్లీచు వల్ల అని."

డాక్టరు లైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. "పోయిందని రాస్తాను. దేనివల్ల పోయిందో నేను రాయలేను."

"దేనివల్లో మీకు తెలీదాండీ? ఇక్కడందరికీ పోయింది."

"అందుకే రాయలేను. అందరికీ రాయాలి అప్పుడు." ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. "నన్నిక్కడ కూర్చోబెట్టింది లాండ్రీవాళ్ళమ్మా. నాకు కోపం తెప్పించకు."

ఆయనకి కోపం రాలేదు. తలొంచుకుని బల్ల మీద దుమ్ము లేకపోయినా తుడుస్తున్నాడు.

వదిన గదికి వచ్చేసరికి ఆడపడుచు స్నానం చేసి తల తుడుచుకుంటోంది. వదిన కుర్చీలో కూర్చుని జరిగింది చెప్పింది. ఆడపడుచు ఆ డాక్టరుని, వాళ్ళ నాన్నని, వాళ్ళ తాతని వరసగా తిట్టింది. తర్వాత తువ్వాలు తీగ మీద వేసి, నాలుగు మూలలూ సరిచేసింది.

"నేను చేస్తా ఫోను," అంది.

"ఎవరికి?"

"ఇన్సూరెన్సుకి. నాకు."

వదిన ఆమె వైపు చూసింది.

"నువ్వు వెళ్తే మొగుడంటావు, నేను వెళ్తే అన్నయ్యంటాను. మంచం మీద మనిషి ఒకడే కదా వదినా. పక్కన కూర్చునే ఇంటిమనిషి కావాలన్నారు గాని పెళ్ళామే కావాలన్నారా?"

వదిన గొంతులో చాలా మాటలు ఉన్నాయి. ఆయన రాత్రిళ్ళు ఎడమవైపు తిరిగితే దగ్గొస్తుందని నీకు తెలియదు. మాత్ర నాలుక కింద దాచి ఉమ్మేస్తాడని నీకు తెలియదు. మత్తు దిగాక ఆయన కళ్ళు తెరిచినప్పుడు ఎదురుగా నేను ఉండాలి. వాటిలో ఒక్కటీ అనలేదు. "నీకూ ముక్కు లేదు కదే," అంది.

"నాకుందని నేనంటే లేదని ఎవడంటాడు?"

ఫోన్ సంచి మీదే పెట్టింది. పాట వచ్చింది. పాట ఆగింది.

"పాత జబ్బులేమైనా ఉన్నాయా అండీ? చిన్న ఇబ్బందైనా సరే."

"నాకున్న జబ్బు ఒక్కటే అమ్మాయ్. నోరు."

అటునుంచి నవ్వు వినిపించింది. "దానికి మా దగ్గర మినహాయింపు లేదండీ."

అంతే. అన్నం ఉడికే లోపల పాలసీ వచ్చేసింది. కింద చిన్న అక్షరాలు లేవు. పరీక్షకి వెళ్ళొస్తే అదీ లేదనే వచ్చింది.

ఆ సాయంత్రం వదిన సంచి జిప్పు తీసింది. పైనున్న తన బట్టలు ఒక్కొక్కటే బయటికి తీసి మంచం మీద పెట్టింది. ఆడపడుచువి అందుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. అవి కొలతలో చిన్నవి. తన బట్టలున్న చోట పెడితే పక్కన ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో ఏం పెట్టాలో తోచక, ఇంకో తువ్వాలు పెట్టింది.

"మాత్ర మింగాక నోరు తెరిపించి చూడు," అంది తలెత్తకుండా.

"చూస్తా."

"ఎడమవైపు తిరగనివ్వకు."

"తిరిగితే ఒక్కటిచ్చుకుంటా. చిన్నప్పుడు నా జడలు లాగిన బాకీ ఎలాగూ ఉంది." ఆడపడుచు వదిన పక్కన నేల మీద కూర్చుంది. "కోపమొచ్చిందా వదినా?"

"నీ మీదా?"

"ఎవరి మీదైనా."

"లేదు," అంది వదిన. అది అబద్ధం. తేలిగ్గానే వచ్చింది.

విమానాశ్రయం గుమ్మం లోపలికి ప్రయాణం చేసేవాళ్ళనే రానిస్తున్నారు. గుమ్మం బయట వదిన ఆడపడుచు కోటు బొత్తాలు పెట్టి, మాస్కు ముక్కు మీదికి లాగి, చేతికి సంచి ఇచ్చింది. ఏదో చెప్పాలని ఇద్దరికీ ఉంది. ఈలోగా వదినకి గది తాళం గుర్తొచ్చింది.

"నీ దగ్గరున్న తాళంచెవి ఏదే? నాది తలుపుకే పట్టడంలేదు."

"పొద్దున నీకే ఇచ్చా కదా!"

"నాకెక్కడిచ్చావు? నువ్వే కదా తాళం వేసింది."

"నీ కోటు జేబు చూసుకో. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు... ఆ జేబు కాదు, లోపలి జేబు!"

గుమ్మం దగ్గరి మనిషి లోపలికి నడవమని అరిచాడు. ఆడపడుచు అటు తిరిగింది. వదిన లోపలి జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి బయటికి తీసి పైకెత్తి చూపించేసరికి, అద్దం తలుపు మూసుకుంది. అద్దంలో తన చెయ్యే కనిపించింది.

విమానం ఎక్కాక ఆడపడుచు ఫోన్ చేసింది. "ఆ ప్లాస్టిక్ కోటమ్మాయి వాసన తెలుస్తోందా అంది. నీ చేతుల మందు కంపుకి కడుపులో తిప్పుతోంది తల్లీ, కాస్త దూరంగా నిలబడు అన్నా. పాపం సారీ చెప్పింది. నీ కళ్ళజోడాయన పాలసీ అడుగుదాకా చదివాడు. చదువుకోరా నాయనా అనుకున్నా." వెనక ఎవరో బెల్టు పెట్టుకోమంటున్నారు. "తాళంచెవి దొరికిందా?"

"దొరికింది."

"నేను చెప్పలా?"

లాండ్రీలో సూపర్‌వైజరు వదినని రోలరు దగ్గరి పెద్దావిడతో జత చేశాడు. ఆవిడ చెయ్యి నిదానం. వదిన తన మూలలతో నిలబడి ఎదురుచూసేది. అటువైపు నుంచి దుప్పటి రావడం ఆలస్యమైతే, అప్పటికే చేతులు ముందుకు చాచి ఉండేవి. కొన్నిసార్లు వాటిని వెనక్కి తీసుకుని మళ్ళీ చాచేది. పెద్దావిడ ఒకసారి, "వస్తున్నా కదమ్మా, తొందరేముంది?" అంది.

వారమంతా ఆడపడుచుని ఏదో కాలేజీ హాస్టల్లో ఒక గదిలో పెట్టారు. తలుపు కిందనుంచి భోజనం పెడుతున్నారని, తను జూలో పులినని ఫోన్‌లో చెప్పింది. ఆ వారం దాటి ఆస్పత్రికి వెళ్ళింది. సోమవారం ఆపరేషన్ అయింది. వదిన ఆ పూట సెలవు అడగలేదు. ఫోన్‌ని రోలరు పక్కన, కనిపించేటట్టు పెట్టుకుని దుప్పట్లు లాగింది. మధ్యాహ్నం ఫోన్ మోగింది. "కళ్ళు తెరిచాడు," అంది ఆడపడుచు. "నన్ను చూసి, నువ్వా, అన్నాడు. ఇంత మొహం చేసుకుని. నేను కాకపోతే మహారాణి వస్తుందనుకున్నావా అన్నా."

వదిన దుప్పట్ల ట్రాలీ పట్టుకుని నిలబడి నవ్వింది. పెద్దావిడ కుర్చీ జరిపింది. అప్పుడు కూర్చుంది.

తర్వాత మూడు నాలుగు రోజులు ఆడపడుచు రోజూ ఫోన్ చేసింది. మాత్ర దాచబోతే పట్టుకున్నానంది. గలీబులు మార్చానంది. నాలుగో రోజు గొంతు బొంగురుగా ఉంది. వార్డులో చలి ఎక్కువంది. అన్నం సయించడంలేదంది. ఆ మర్నాడు ఆయన ఫోన్ చేశాడు. నర్సు చూసి, పరీక్ష చేయించి, ఆడపడుచుని పై అంతస్తుకి మార్చారట. ఆ జబ్బేనట.

"ముందే తెలియలేదా?" అంది వదిన.

ఆ సాయంత్రం ఆడపడుచే మాట్లాడింది, మాటకీ మాటకీ మధ్య దగ్గుతో. "అందరికీ ముందు వాసన పోతుందట వదినా. అది చూసి పరిగెత్తుకొస్తారట. మనకింక పోవడానికేం మిగిలిందని?" నవ్వబోయింది గాని దగ్గు వచ్చింది. పక్కనెవరో ఫోన్ తీసుకున్నారు.

మర్నాడు లాండ్రీలో ఉండగా ఇన్సూరెన్స్ అమ్మాయి ఫోన్ చేసింది. అదే గొంతు, అదే మెత్తదనం. మీ పేరు దగ్గరి బంధువుగా రాశారంది. పేషెంటుకి ఆక్సిజన్ మిషనున్న పడక కావాలని ఆస్పత్రివాళ్ళు అడిగారనీ, ఒప్పుకునేముందు ఒక్క సంగతి తెలుసుకోవాలనీ అంది.

"ఆవిడా లాండ్రీలోనే చేసేవారు కదండీ? వాసన తెలియకపోవడం ఎప్పట్నుంచి?"

చుట్టూ మిషన్లు మోగుతున్నాయి. వదిన ఫోన్‌ని చెవికి నొక్కుకుని, రోలరు వెనక గోడ దగ్గరికి నడిచింది.

"మొన్నట్నుంచేనమ్మా," అంది.

"అంతకుముందు బాగానే ఉండేదా?"

"ఎందుకుండదు! దానంత ముక్కు ఎవరికీ లేదు. పాలు విరక్కముందే వాసన పట్టేది. పక్క గదివాళ్ళు ఏం వండుకుంటున్నారో గోడకి ఇవతల నుంచి చెప్పేది. ఎవరైనా స్నానం చెయ్యకుండా పనికొస్తే మొహం మీదే అనేసేది, తగువులయ్యేవి. వాన పడబోతే ముందు దానికే తెలిసేది, మట్టి వాసనొస్తోంది వదినా, బట్టలు తియ్యి అనేది." వదిన ఊపిరి తీసుకుంది. "కాచిన నెయ్యి అంటే పడిచచ్చేది. సబ్బు కొనాలంటే దుకాణంలో పదీ వాసన చూసి, ఆ పదీ వద్దనేది."

"సరేనండీ. సరే. రాసుకున్నాను."

"రాసుకున్నావా తల్లీ? అన్నీ రాసుకో."

మీటల చప్పుడు వినిపించింది. "ఒప్పుకున్నామని ఆస్పత్రికి ఇప్పుడే చెప్తానండీ. ఏం భయం లేదు."

వదిన ఫోన్ జేబులో పెట్టుకుని రోలరు దగ్గరికి వచ్చింది. పెద్దావిడ రెండు మూలలు పట్టుకుని సిద్ధంగా ఉంది. వదిన మిగతా రెండూ అందుకుంది. ఇద్దరూ వెనక్కి నడిచి లాగారు.

ఆ సాయంత్రానికే పడక ఇచ్చారు. ఆయన పై వారం కుట్లు విప్పించుకుని ఇంటికి వెళ్ళాడు. మరుసటి ఏడు విమానాలు మామూలయ్యాక వదిన కూడా వెళ్ళింది. ఆడపడుచు మాత్రం ఇంటికి రాలేదు. ఆపరేషన్ జరిగిన ఆ నెలలోనే, ఆఖరి బుధవారం పొద్దున, ఆ ఆస్పత్రి పై అంతస్తులో చనిపోయింది.